మట్టికిచ్చిన అమానతు

"నువ్వే గద హిఫాజత్‌గ పెట్టుమన్నవ్," అంది హమీదున్నీసా. చాటలోని బియ్యం మీంచి కళ్లు ఎత్తలేదు. "పెట్టిన."

"ఎక్కడ పెట్టినవని అడుగుతున్న అమ్మీ."

"చెప్పిన గద. మీ అబ్బా పక్కన."

సిరాజుద్దీన్ గోడవైపు నడిచాడు. తండ్రి ఫొటో కింద ఒక గూడు ఉంది. అందులో చెయ్యి పెట్టి తడిమాడు. సుర్మా సీసా, తెగిన తస్బీ పూసలు, అయిపోయిన టార్చిలైటు సెల్లు. దాచమన్న డబ్బా మాత్రం లేదు.

మంచం మీద కూర్చున్న బిల్కిస్‌కి మొగుడి కన్నా ముందే అర్థమైంది. అర్థమై నవ్వు వచ్చింది. ఆ నవ్వు కుట్లు పడిన చోట సన్నగా లాగింది.

"కబరస్తాన్‌లనా?" అన్నాడు సిరాజుద్దీన్, గూటితో మాట్లాడుతున్నట్టు.

"మనిషి మాంసం ఇంకెక్కడ పెడ్తర్‌రా? ఉప్పు డబ్బ పక్కనా?"

డబ్బా తీసుకుని, వచ్చిన బస్సులోనే కామారెడ్డి తిరిగి వెళ్లిపోవాలని ఎల్లారెడ్డి వచ్చారు మొగుడూ పెళ్లాలిద్దరూ. పొద్దున బస్సు తాడ్వాయి దాటేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. దాటాక సిరాజుద్దీన్ ఒక్కమాట అన్నాడు, "డబ్బ తీస్కోవుడే గద, ఎంతసేపు?" అని. ఇప్పుడు ఆ మాట ఇద్దరి మధ్యా కదలని చుట్టంలా కూర్చుంది.

డబ్బా చిన్నది. దానిలో దూది, దూదిలో రెండు మైనపు బిళ్లలు. బిల్కిస్ ఎడమ రొమ్ములోంచి కోసి తీసిన గడ్డలో రెండు ముక్కలను మైనంలో పొదిగి, వాటి నుంచి పల్చటి పొరలు కోసి, హైదరాబాదులో మైక్రోస్కోపు కింద చూశారు. చూశాక ఆ బిళ్లలను సిరాజుద్దీన్ చేతికి ఇచ్చేశారు. ఆపరేషన్ అయ్యాక బిల్కిస్ ఎల్లారెడ్డిలో అత్త దగ్గర పడుకుని ఉన్న రోజులవి. సిరాజుద్దీన్ డబ్బాను తల్లి చేతిలో పెట్టి, "అమ్మీ, దీంట్ల దుల్హన్ గడ్డ ముక్కలున్నయ్. హిఫాజత్‌గ పెట్టు. ఎవ్వరి కంట పడొద్దు," అన్నాడు. అని కామారెడ్డిలో తన రేడియోల దుకాణం తెరవడానికి వెళ్లిపోయాడు.

"ఎవ్వరి కంట పడొద్దన్నవ్," గుర్తు చేసింది హమీదున్నీసా. "మట్టి కన్న హిఫాజత్ ఏముంటదిరా? ఎలుక రాదు, దొంగ రాడు."

"దాన్ని బ్లాక్ అంటరు అమ్మీ! బ్లాక్! అది లేకుంటే ఏ పరీక్ష కాదు!"

"బ్లాక్ అని చెప్పినవా నాకు? ముక్క అన్నవ్. బ్లాక్ అంటే కిరసనాయిలు లెక్క ఎవనికన్న అమ్మేదేమో అనుకుందును."

సిరాజుద్దీన్ రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. అతను ఎంత గట్టిగా అరుస్తుంటే తనకు అంత నిద్ర వస్తున్నట్టు ఉండడం బిల్కిస్ గమనించింది. ఆ నిద్ర నిద్ర కాదు. చిరాకు ఒక హద్దు దాటితే మనిషి లోపల ఎక్కడో తలుపేసుకుంటాడు.

నా జనాజా అయిపోయిందన్నమాట, అనుకుంది. సగమో, పావో. నాకు కబురు కూడా లేదు.

కామారెడ్డిలో డాక్టరు పురుషోత్తం మొన్న ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. మంచివాడే, కాని చెప్పినంత సేపూ సిరాజుద్దీన్ వైపే చూశాడు.

"ఇది మామూలు క్యాన్సర్ గాదు. అరుదైన గడ్డ. మైక్రోస్కోపుల ఆకులు పరిచినట్టు కనవడ్తది. దీంట్ల మంచిదుంటది, చెడ్డదుంటది, నడిమిది ఉంటది. మీది నడిమిది అని రాసి పంపిండ్రు."

"నడిమిది అంటే?" అని అడిగింది బిల్కిస్.

డాక్టరు అప్పుడు చూశాడు ఆమె వైపు. "అంటే, చూసినోళ్లకు గుడ ఇటా అటా తేలలేదమ్మా."

ఇప్పుడు కొత్తగా బొంబాయిలో ఒక పరీక్ష చేస్తున్నారట. మైనపు బిళ్ల నుంచి తాజాగా పొర కోసి దాని మీద ఒక మందు పోస్తారు. కణం ఒకటి రెండు కావడానికి సిద్ధమైనప్పుడు దానిలో ఒక రకం ప్రొటీను పుడుతుంది. అది ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. కణాల కాపలా చూసే ఇంకో ప్రొటీను ఉంది, అది చెడిపోయినా అలాగే రంగు పట్టి చూపిస్తుంది.

"రంగు ఎక్కువుంటే గడ్డకు తొందరెక్కువ అన్నట్టు," అన్నాడు డాక్టరు. "గదొక్కటే చూసి ఫైసలా చెయ్యరు. కని నడిమిల నిలవడ్డదాన్ని ఎటు ఒరుగుతున్నదో అది చెప్తది. తొందర లేకపోతే చుట్టు అంచు ఇంకొంచెం కోసి ఊకుంటం. ఉంటే మొత్తం తీసుడే. బ్లాకులు పట్కరాండ్రి."

తీసుడే. ఏది తీసుడో ఆయన చెప్పలేదు. అసలు ఈ మొత్తం గొడవలో దాని పేరు ఎత్తినవాడే లేడు. డాక్టరుకు అది 'ఎడమ దిక్కు'. మొగుడికి 'ఆ సంగతి'. అత్తకు ఉత్త 'అది'. ముప్పై ఆరేళ్ల మనిషి, ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన మనిషి, తన ఒంటి మీది దాన్ని తానే పేరు పెట్టి పిలుచుకోలేని స్థితికి వచ్చింది. బిల్కిస్‌కి గడ్డ కన్నా ఈ పేరు లేనితనమే ఎక్కువ ఊపిరాడనియ్యడం లేదు.

"ఏంది సిరాజ్, బజారు దాక వినవడ్తున్నది?" అంటూ పక్కింటి యాదవ్వ బీడీల చాట చంకలో పెట్టుకుని వచ్చింది. ఆమెకూ హమీదున్నీసాకూ నలభై ఏళ్ల గోడ పొత్తు. గడప దగ్గర కూలబడి, కత్తెరతో ఆకు కోసుకుంటూనే సంగతంతా విన్నది. విని, కత్తెర ఆపింది.

"మంచిగైంది," అంది.

"ఏం మంచిగైంది?" కసురుకున్నాడు సిరాజుద్దీన్.

"మా ఇండ్లల్ల అయితే కాలవెడ్తుంటిమి బిడ్డా. మైనమాయె, బుగ్గి గుడ మిగలకపోతుండె. మీది పాతిపెట్టే కులం గాబట్టి ఇంక ఉన్నది. పోయి తవ్వుకరారాదు!"

ముందు నవ్వింది హమీదున్నీసాయే. చాట కదిలి బియ్యం గింజలు కింద రాలాయి. బిల్కిస్ కూడా నవ్వింది. సిరాజుద్దీన్ మాత్రం నవ్వకుండా చెప్పులేసుకున్నాడు.

"పేష్ ఇమాం సాబ్‌ను అడిగొస్త," అని వెళ్లిపోయాడు.

*

అతను తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం తిండి అయిపోయింది. వెంట కబరస్తాన్ చూసుకునే హుస్సేన్ ఉన్నాడు. ముసలాయన, ఒక చెవి సరిగా వినపడదు. పార గోడకు ఆనించి, లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"ఇమాం సాబ్ ఏమన్నడు?" అడిగింది హమీదున్నీసా.

"మట్టి చేసినదాన్ని లేపొద్దన్నడు. కని ఒక తోవ ఉన్నది." సిరాజుద్దీన్ తల్లి ముందు కూలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "పెట్టేటప్పుడు అమానతు అని చెప్పి పెడితే తీయొచ్చట. దూర దేశంల సచ్చినోళ్ల మయ్యత్‌ను గట్లనే పెడ్తరు గద, మట్టీ, ఇది నీ దగ్గర దాచిపెడ్తున్న, మళ్ల తీస్కపోత అని. గట్ల అన్నవా నువ్వు?"

హమీదున్నీసా చాటలోంచి ఒక వడ్లగింజ ఏరి పారేసింది.

"హుస్సేన్ చాచాను అడిగిన. నువ్వు గేటు కాడ నిలబడి డబ్బ ఇచ్చినప్పుడు పెదవులు కదిలినయట. ఏమన్నవో ఈయనకు ఇనరాలేదట."

"ఈ చెవి దిక్కు నిలవడ్డది బహెన్," అన్నాడు హుస్సేన్ తప్పు తనదే అన్నట్టు. "ముందు నేనడిగినదానికి జవాబు మాత్రం ఇనవడ్డది. ఎవరిదమ్మా అంటే, నాదే అన్నది."

బిల్కిస్ తల తిప్పింది. "ఏం నాదే?"

"గడ్డ. డాక్టరు నా ఒంట్ల నుంచి తీసిండు, చెడిపోయింది, నా మొగని కాళ్ల కాడ పెట్టు అన్నది. అప్పటిసంది మా ఇంటామె దువా చేస్తున్నది, హమీదున్నీసా బహెన్‌కు నయం కావాలె అని."

యాదవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "గందుకేనా, కాపోళ్ల చంద్రవ్వ నిన్ను చూసిపోను వచ్చింది! నేను మోకాళ్ల నొప్పికేమో అనుకున్న."

"మరి ఏం చెప్పాలె?" అంది హమీదున్నీసా మొదటిసారి గొంతు పెంచి. "జవాన్ కోడలిది, ఫలానా చోటిది అని కబరస్తాన్ గేటు కాడ మగోనికి చెప్పాలెనా? ముసల్దాన్ని, నాదని చెప్తే ఎవడు తల్సుకుంటడు నా ఒళ్లు?"

బిల్కిస్‌కి కోపం రావాలో, ఆ ముసలి చేతులు పట్టుకోవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. కోపమే ముందు వచ్చింది. ఆఖరికి గడ్డ కూడా నాది కాకపోయెనా? కోసేటప్పుడు నాది, నొప్పి నాది. పూడ్చేటప్పుడు ఈమెది, తవ్వాలా వద్దా అన్నది ఇమాం సాబ్‌ది, తీసుడే అనే మాట డాక్టరుది, అరుపులు ఈయనవి. రెండు పొలాల మధ్య గట్టు కోసం పాలోళ్లు కొట్లాడుకున్నట్టు అందరూ ఆమె ఒంటి మీద నిలబడి మాట్లాడుకుంటున్నారు. గట్టును అడిగేవాళ్లు ఎవరు?

"పోనియ్ అమ్మీ," సిరాజుద్దీన్ బతిమాలాడు. "అమానతు అని అన్న అని ఒక్క మాట చెప్పు హుస్సేన్ చాచాకు. అయిపోతది."

"అనకపోతే గుడ అన్న అని చెప్పాల్నా?"

"అన్నవా అనలేదా?"

"మట్టితోని అబద్ధం ఆడమంటున్నవా నన్ను? రేపు నన్ను పెట్టేది గుడ అదే మట్టిల."

"అయితే అనలేదన్నట్టే గద!" సిరాజుద్దీన్ లేచి గూడు మీద గుద్దాడు. సుర్మా సీసా దొర్లి కింద పడింది. పగల్లేదు. "సరే! ఏ పరీక్ష వద్దు, ఏ రంగు వద్దు. పోయి మొత్తం తీసెయ్యమని చెప్త డాక్టరుకు. కత కతం. ఎందుకీ లొల్లి?"

"తీసేస్తే పోయేది నీది కాదు," అంది బిల్కిస్.

పెద్దగా అనలేదు. అయినా గడప అవతల హుస్సేన్ చెవికి కూడా వినపడింది కాబోలు, ముసలాయన తల దించుకుని పార కర్ర గీరుకున్నాడు.

సిరాజుద్దీన్ ఆమె వైపు చూశాడు. చెడిపోయిన రేడియోను బల్ల మీద పెట్టుకుని, ఎక్కడ తెగిందో తెలియక కూర్చున్నప్పుడు అతని ముఖం అలాగే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఆ ముఖం ఇష్టంగా ఉండేది. మూసి ఉన్న ఏ డబ్బానైనా విప్పి చూడకుండా ఉండలేని మనిషి అనుకునేది. ఇప్పుడు ఆ ముఖం మీద వేరే ఏదో ఉంది. అదేమిటో ఆమెకు వెంటనే పట్టుబడలేదు.

యాదవ్వ మెల్లగా చాట సర్దుకుంది కాని లేవలేదు. ఇలాంటి గొడవలో లేచి పోతే మర్యాద, కూర్చుంటే చుట్టరికం. ఆమె కూర్చుంది.

హమీదున్నీసా చాట పక్కన పెట్టింది. నేల మీద చేతులు ఆనించి, ఒక్కొక్క మోకాలే ఎత్తుకుంటూ లేచి, మంచం దగ్గరికి వచ్చింది. బిల్కిస్ ఎదురుగా నిలబడింది. పొద్దున్నుంచీ ఈ ఇంట్లో ఒకరు ఇంకొకరి ఎదురుగా నిలబడడం అదే మొదటిసారి.

"దుల్హన్. నీకేం కావాలె?"

ప్రశ్న చిన్నదే. ఆపరేషన్ కాగితం మీద సంతకం చెయ్యమన్నారు, చేసింది. పడుకోమన్నారు, పడుకుంది. భయమా అని అడిగారు, బాధగా ఉందా అని అడిగారు, తిన్నావా అని అడిగారు. ఇది మాత్రం ఎవరూ అడగలేదు. తను కూడా తనను అడుక్కోలేదు. లోపల వెతికితే అక్కడ ఒక సిగ్గుమాలిన కోరిక కనపడింది. ఆ ముక్క అట్లాగే మట్టిలో ఉండిపోవాలని. మామ కాళ్ల దగ్గర, ఎవరూ ముట్టనిచోట, ఇటా అటా తేల్చమని ఎవరూ అడగనిచోట అది నిమ్మళంగా ఉంది. దాన్ని చూసి ఆమెకు కుళ్లు పుట్టింది. తన ఒంట్లోంచి పోయిన దానికి ఉన్న శాంతి తనకు లేదు.

కాని ఆ శాంతి తనది కాదు. అది చావుది.

"నాది నాకు కావాలె అమ్మీ," అంది. "మంచిదైతే మంచిది, చెడ్డదైతే చెడ్డది. నడిమిల బతుకుడు నాతోని అయితలేదు."

హమీదున్నీసా తల ఊపింది. తర్వాత గడప వైపు తిరిగింది.

"హుస్సేన్ భాయ్. ఇటు చెవి పెట్టు." మాటలు ఒక్కొక్కటే బియ్యపు గింజల్లా ఏరి చెప్పింది. "ఆనాడు నీకొక అబద్ధం చెప్పిన. అది నాదన్న. నాది గాదు. నా కోడలిది. ఆ అబద్ధం వాపస్ తీసుకుంటున్న."

"సరే బహెన్."

"ఇగ రెండోది. అమానతు అనే అన్న. మట్టికి దాచిపెట్టుమనే ఇచ్చిన."

సిరాజుద్దీన్ తల్లి వైపు తిరిగాడు. యాదవ్వ కత్తెర ఆకు మధ్యలో నిలిచిపోయింది.

బిల్కిస్ అత్త చేతుల వైపు చూసింది. కొంగు చివర వేళ్లకు చుట్టుకుని ఉంది, గోళ్లు తెల్లబడేంత గట్టిగా. ఇరవై ఏళ్లలో ఈ మనిషి కూరలో ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని చెప్పింది తప్ప కాలేదని చెప్పగా వినలేదు. ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకుని, అదే నోటితో ఇంకోదాన్ని మట్టికి చెల్లించిందా? లేక పొద్దున్నుంచీ చెప్పకుండా దాచుకున్న నిజమా ఇది? అడగాలని నాలుక దాకా వచ్చింది. అడిగితే ఆమె చెబుతుంది. అందుకే అడగలేదు.

"అయితే తీయొచ్చు," అన్నాడు హుస్సేన్. ఊపిరి వదిలాడు. "చేతెడు లోతుల్నే పెట్టిన. కని అమానతు ఎవరిదో వాళ్లొచ్చి అడగాలె తల్లీ. ఇంతవరకు ఈమెది అనుకున్న గాబట్టి ఈమె మాట చాలనుకున్న. ఇప్పుడు నీది అంటున్నది. లోపలికి రాకు, గేటు కాడ నిలబడు. 'నా అమానతు నాకియ్యి' అని నోటితోని అను. సాయంత్రం అసర్ నమాజ్ అయితే జనమొస్తరు. అంతకుముందే కానియ్యాలె."

బిల్కిస్ లేచింది. కుట్లు లాగాయి. మేకుకు వేలాడుతున్న బురఖా అత్తది. పొట్టిది, పాదాలు కనపడతాయి. అదే తీసుకుంది.

సిరాజుద్దీన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడెందుకు?" అన్నాడు. "కబరస్తాన్ గేటు కాడ ఆడోళ్లు నిలబడ్తరా ఎక్కడన్న? రేపు పొద్దున నేనే పోత. నీ పేరు మీద నేనే అడుగుత."

"పొద్దున్నుంచి లొల్లి వెట్టింది నువ్వే గద, బ్లాక్ ఏదీ బ్లాక్ ఏదీ అని."

"పెట్టిన. రేపు పోదాం అంటున్న, వద్దంటలేను."

"రేపు ఆర్టీసీ బస్సు రాదంటవ్. ఎల్లుండి దుకాణం అంటవ్. ఎండలు ముదిరితే మైనం పనికొస్తదో రాదో ఎవరికి తెల్సు."

అతను తలుపు చెక్క మీద చెయ్యి వేశాడు. ఇందాక పట్టుబడనిది ఆమెకు ఇప్పుడు పట్టుబడింది. ఇంత అరుపూ దొరకడం కోసం కాదు. దొరకదన్న ధైర్యంతో అరిచాడు. దొరకనంత కాలం అతని పెళ్లానికి ఏ రంగూ లేదు.

"దొరకొద్దని ఉన్నదా నీకు?" అడిగింది.

సిరాజుద్దీన్ కళ్లు ఆమె మీద నిలవలేదు. వాకిట్లోకి, పార వైపు, మళ్లీ ఆమె పాదాల వైపు తిరిగాయి.

"రంగు రాకపోతే సరే," అన్నాడు. "వస్తే?"

అతని గొంతులో అంతవరకూ ఉన్న కేకలన్నీ ఎటో పోయాయి. ఆ ఒక్క ప్రశ్న చిన్నపిల్లవాడిలా బయట నిలబడింది. జాలి పడితే ఇక్కడే కూర్చుండిపోతానని బిల్కిస్‌కి తెలుసు. మగవాడి భయానికి గొడుగు పట్టి, తను ఎండలో నిలబడడం ఆమెకు అలవాటే.

"వస్తే నాకొస్తది," అంది. "జరుగు."

అతను జరగలేదు.

బురఖా అంచు ఆమె మడమల పైనే ఆగిపోయింది. వెనక హమీదున్నీసా చాట చేతిలోకి తీసుకుంది కాని ఏరడం లేదు. వాకిట్లో హుస్సేన్ పార భుజాన వేసుకుని, మంచిగా ఉన్న చెవిని ఇంటివైపు తిప్పాడు.

"అమ్మా, వస్తున్నవా? లేకుంటే నేను పోవాల్నా?"

బిల్కిస్ మొగుడి చెయ్యి మీద చెయ్యి వేసింది. "వస్తున్న చాచా," అంది. అతని చెయ్యి తలుపు చెక్క మీంచి మాత్రం ఇంకా లేవలేదు.